రెండు కొండవరుసల మధ్య ఖాళీ

అమెరికాలో మేముండే క్యారీలో, మా కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో అప్పుడప్పుడు తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ జరుగుతుంది. మాస్టర్స్ చదువుతున్న పిల్లలు అక్కడ నన్ను పట్టుకుని అడుగుతుంటారు, "ఆంటీ, మీరు మ్యాప్స్ కంపెనీలో చేశారంట కదా, ఆ ఫీల్డ్‌లో స్కోప్ ఎలా ఉంది?" అని. స్కోప్ అంటే వీసా స్పాన్సర్ చేస్తారా అని అర్థం. చేస్తారు. కానీ ఆ ఉద్యోగం అసలు ఏమిటని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగరని తెలిసిపోయింది కాబట్టి నేనే రాస్తున్నాను.

పార్సిప్పనీలో ఒక మ్యాప్ డేటా కంపెనీలో సరిహద్దుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మీ ఫోన్‌లో దేశానికీ దేశానికీ మధ్య ఒక సన్నటి బూడిదరంగు గీత ఉంటుంది చూడండి, అలాంటి గీతలు చూసుకోవడం నా పని. రోడ్లు చూసేవాళ్ళు వేరే, హోటళ్ళూ పెట్రోలు బంకులూ చూసేవాళ్ళు వేరే. మేం తయారుచేసిన డేటాను ఎవరెవరో కొనుక్కుని తమ యాప్‌లలో పెట్టుకునేవారు. ఎవరు, ఎందుకు వాడుకుంటున్నారో మాకు సగం తెలిసేది కాదు.

నాకు చిన్నప్పటినుంచీ అనుమానం జాస్తి. ఇండియన్ స్టోర్‌లో పెరుగు డబ్బా మీద తేదీ చూసి, వెనక వరుసలోంచి ఇంకోటి లాగి దాని తేదీ కూడా చూస్తాను. "నువ్వు గుళ్ళో ప్రసాదం కూడా వాసన చూసి తింటావు" అని మా వారు ఏడిపిస్తారు. ఈ గుణంతో చుట్టాల్లో చాలా మాటలు పడ్డాను. ఆఫీసులో మాత్రం దీనికే జీతం ఇచ్చారు.

వాల్ట్ అడిగే ప్రశ్న

నా మొదటి బాసు వాల్ట్. మా కంపెనీకి రాకముందు వెర్మాంట్‌లో భూములు కొలిచిన మనిషి. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఏ గీత తీసుకెళ్ళి చూపించినా రెండే అడిగేవాడు. గీసినవాడు ఎక్కడ నిలబడి గీశాడు? ఎవరి జీతం తిన్నాడు?

చేరిన కొత్తలో ఒక దేశపు సరిహద్దును వాళ్ళ ఎంబసీ పంపిన మ్యాప్ చూసి ఎక్కించి, గొప్పగా తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

"ఎక్కడ నిలబడ్డాడు?" అన్నాడు.

"ఇది అఫీషియల్ మ్యాప్, వాల్ట్."

"అంటే ఆఫీసులో నిలబడ్డాడు" అని దాన్ని నా వైపే తోసేశాడు.

ఆ రోజు ఒళ్ళు మండింది. విశాఖపట్నంలో జియాగ్రఫీలో ఎమ్మెస్సీ చేసి వచ్చినదాన్ని, నాకు ఈయన పాఠం చెప్పేదేమిటి అనుకున్నాను. మెల్లగా అర్థమైంది. మనం కోడ్‌లో బగ్ వెతికినట్టు ఆయన గీతలో మనిషిని వెతికేవాడు. ప్రతి గీత వెనక ఒక మనిషి ఉంటాడు, వాడికి చలి వేస్తుంటుంది, ఆకలి వేస్తుంటుంది, పైవాడి భయం ఉంటుంది. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది చాలావరకు ఇదే.

ఎవరికీ కనబడని లోయ

పామీర్ కొండల దగ్గర ఒక సరిహద్దు చాలాకాలం నా చేతిలో ఉండేది. అటూ ఇటూ ఉన్న దేశాల పేర్లు చెప్పను. ఉత్తర దేశం, దక్షిణ దేశం అంటాను. పేర్లు రాస్తే మీరు వెంటనే ఫోన్ తీసి చూస్తారు. మీ ఫోన్‌ని నేను నమ్మను.

ఇప్పుడున్న దేశాలు పుట్టకముందు ఆ గీతను రెండు సామ్రాజ్యాలు గీశాయి. ఉత్తరం నుంచి జార్ చక్రవర్తి మనుషులు కిందికి దిగుతుంటే, ఇండియాలో ఉన్న ఇంగ్లీషువాళ్ళు పైకి ఎక్కుతున్నారు. ఒకడంటే ఇంకొకడికి గుబులు. ఆ కొండల్లో జింకల వేటకు వచ్చానని ఒకడు చెబితే రెండోవాడు నమ్మేవాడు కాదు. నమ్మకపోవడమే సబబు, వేటకు వచ్చినవాడి సంచిలో తూటాలకంటే కొలిచే పరికరాలే ఎక్కువ ఉండేవి. యాత్రికుడు గూఢచారి, వర్తకుడు గూఢచారి, మందులిచ్చే డాక్టరు గూఢచారి. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

చివరికి ఇద్దరికీ విసుగొచ్చి ఒక లెక్కకు వచ్చారు. నీళ్ళు ఎటు పారితే నేల అటువాళ్ళది. కొండ ఉత్తరపు వాలు ఉత్తరం వాళ్ళకు, దక్షిణపు వాలు దక్షిణం వాళ్ళకు. చూడటానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. ఊళ్ళో వాళ్ళను అడగక్కర్లేదు, ఎత్తయిన కొండవరుసను పట్టుకుని గీత గీస్తే సరిపోతుంది. అందుకే వాళ్ళకు అంత నచ్చింది.

ఇక్కడ బ్లూ రిడ్జ్ కొండల్లో హైకింగ్‌కు వెళ్ళే మీకు ఒక సంగతి అనుభవమే. కింద నుంచి చూస్తే అదే చివరి శిఖరం అనిపిస్తుంది. రొప్పుతూ ఎక్కి చూస్తే వెనకాల ఇంకోటి ఉంటుంది. ఆ సర్వేయర్లకూ అదే జరిగింది. దక్షిణం సర్వేయరు తన లోయలో నిలబడి తనకు కనబడ్డ చివరి కొండవరుసను గీశాడు. ఉత్తరం సర్వేయరు తన లోయలో నిలబడి తనకు కనబడ్డది గీశాడు. మంచు పడటం మొదలైంది, ఇద్దరూ వెనక్కి వెళ్ళిపోయారు. ఇద్దరూ గీసింది ఒకే కొండవరుస అని పైవాళ్ళు అనుకున్నారు. కాదు. రెండింటి మధ్య పొడుగ్గా, సన్నగా ఒక లోయ ఉంది. దాని నీళ్ళు అటూ పారవు, ఇటూ పారవు. పక్కకు పారి ఒక ఉప్పు సరస్సులో పడతాయి.

ఉపగ్రహం ఫోటోల్లో ఆ లోయను చూసిన రోజు నాకు బాగా గుర్తు. రాళ్ళ ఇళ్ళు కొన్ని, పచ్చిక, పశువుల దొడ్డి గోడలు. ఈ దేశపు గీతా ఆ దేశపు గీతా దాన్ని బయటే వదిలేశాయి. ఇది నిజంగా పొరపాటేనా అని కూడా నాకు అనుమానం వచ్చింది. రెండు సామ్రాజ్యాలూ ఒకదానికొకటి తగలకుండా ఉండటమే ఇద్దరికీ కావాలి కదా. తెలిసి కూడా కళ్ళు మూసుకున్నారేమో, తేల్చుకోవడానికి నాకు ఆధారం దొరకలేదు. వాల్ట్‌ను అడిగితే, "నువ్వు అక్కడ నిలబడ్డావా?" అన్నాడు. లేదన్నాను. "అయితే ముట్టుకోకు" అన్నాడు. రెండు గీతల్నీ అలాగే ఉంచి మధ్యలో ఖాళీ వదిలేశాను.

గ్రెగ్ శుభ్రత

వాల్ట్ తర్వాత గ్రెగ్ వచ్చాడు. మంచివాడు. అందరి పిల్లల పేర్లూ గుర్తుపెట్టుకుని అడిగేవాడు, పుట్టినరోజులకు కప్‌కేకులు తెప్పించేవాడు. అంత మంచితనం చూస్తే నాకు మరీ అనుమానం.

మా పనిలో స్లివర్ అని ఒక మాట ఉంది. పక్కపక్క దేశాలు ఇచ్చే గీతలు ఒకదానిమీద ఒకటి పెడితే అచ్చంగా కలవవు. మధ్యలో సన్నటి చీలికలు మిగులుతాయి. నూటికి తొంభైతొమ్మిది అవి గీయడంలో తేడాలే. కంప్యూటర్ వాటిని పట్టుకుని ఎర్ర గుర్తు పెడుతుంది. ఆ గుర్తులన్నీ పోతేగాని డేటా బయటికి వెళ్ళదు. మేం ఒక్కొక్కటీ తెరిచి చూసి సరిచేసేవాళ్ళం, తప్పు కానిదాన్ని చేత్తో ఓవర్‌రైడ్ చేసి, అంటే అలాగే ఉండనిచ్చి, పంపేవాళ్ళం. గ్రెగ్ వచ్చాక, చూసేదేముంది, ప్రోగ్రామ్‌కు వదిలేద్దాం అన్నాడు. ఆ ప్రోగ్రామ్ చీలికను రెండు పక్కలా కొలిచి, ఏ దేశం వైపు అంచు పొడుగ్గా ఉంటే ఆ దేశంలో కలిపేస్తుంది. 

మీటింగ్‌లో నేను చెయ్యెత్తాను. "కొండల్లో వద్దు, గ్రెగ్. అక్కడ కొన్ని చీలికలు చీలికలు కావు."

"పైన అక్కడ ఎవరుంటారు, వసుధా?"

"ఉన్నారు. ఇళ్ళు కనిపిస్తున్నాయి."

"వాళ్ళు మన మ్యాప్ వాడతారా?" అన్నాడు నవ్వుతూ. అందరూ నవ్వారు. వాడతారని అప్పుడు నాకూ తెలియదు. నా మాట చెల్లలేదు. చెడ్డ బాసు మీద అందరి కన్నూ ఉంటుంది. గ్రెగ్ లాంటి శుభ్రమైన మనిషి మీద ఎవరి కన్నూ ఉండదు, అందుకని అలాంటివాళ్ళ దగ్గరే మీరు ఎక్కువ జాగ్రత్తగా ఉండండి.

ఆ తర్వాత కొన్నాళ్ళకు రిటైరయ్యాను. చలి తక్కువని క్యారీకి మారిపోయాం.

టోపీ చూసి చెప్పే పేరు

ఇక్కడి లైబ్రరీలో ఒకసారి పాత మ్యాపుల గురించి మాట్లాడాను. అది విన్నవాళ్ళెవరో చెప్పగా రేచల్ అనే ఇమిగ్రేషన్ లాయర్ ఫోన్ చేసింది. ఆమె క్లయింట్ పేరు నియాజ్. అమెరికాలో ఆశ్రయం కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు, కేసు జడ్జి ముందు ఉంది. అతని ఊరు ఎక్కడుందో ఆమె చెప్పగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. నేను ఖాళీగా వదిలేసిన ఆ లోయే అది.

లైబ్రరీలోనే ఒక గదిలో ముగ్గురం కలిశాం. నియాజ్‌కు ముప్పై దాటి ఉంటాయి. టైర్ల షాపులో పని. ఇంగ్లీషు నెమ్మదిగా, కూడబలుక్కుని మాట్లాడాడు.

తనూ అన్నా అక్కా ఆ లోయలో యాక్‌లు, అదే జడల బర్రెలు, మేపుకునేవారట. ఉత్తర దేశం ఎప్పుడో వాళ్ళ నాన్నకు ఒక గుర్తింపు కార్డు ఇచ్చింది, ఆ లెక్కన వీళ్ళకూ అవే కార్డులు. ఉత్తరపు సైనికులు ఎండాకాలంలో కొండ దాటి వచ్చి టీ తాగి, వెన్న పట్టుకుని పోయేవారు. ఒక ఏడాది కొత్త కెప్టెన్ వచ్చాడు. ఫోన్ తీసి మ్యాప్ చూపించాడు. ఊరు దక్షిణ దేశం రంగులో ఉంది. "మీరు అటువాళ్ళు. మా కార్డులు పెట్టుకుని మా కొండ కింద ఏం చేస్తున్నారు?" అని అడిగి, అన్నను పట్టుకెళ్ళాడు. అన్న తిరిగి రాలేదు. రెండోసారి నియాజ్ కోసం వచ్చేసరికి అతను ఊరు విడిచాడు.

ఇక్కడ ప్రభుత్వ లాయరు కూడా అదే మ్యాప్ తీసి కోర్టులో పెట్టాడు. ఊరు దక్షిణంలో ఉంటే ఉత్తరపు సైనికులు అక్కడికి ఎందుకు వస్తారు? కథ అల్లాడు అన్నాడు. పైగా నియాజ్ మొదటి ఆఫీసర్‌కు ఊరి పేరు ఒకటి చెప్పాడు, జడ్జికి ఇంకోటి చెప్పాడు. ఓడిపోతే ఎక్కడికి పంపుతారని అడిగాను.

"కార్డు ఎవరిచ్చారో అక్కడికి. ఉత్తరానికి" అంది రేచల్.

కథ చక్కగా అతికినట్టు ఉంది. అలా అతికిన కథలంటే నాకు పడదు. "మీ ఊరి పేరు ఏమిటి?" అని నియాజ్‌ను అడిగాను.

అతను రేచల్ వైపు చూసి, నా వైపు చూసి, "మీకు ఏది కావాలి?" అన్నాడు.

నేను పెన్ను కింద పెట్టేశాను. అది చూసి అతను మెల్లగా చెప్పాడు. "ఉత్తరం సైనికులు వస్తే వాళ్ళ భాషలో ఒక పేరు చెప్తాం. దక్షిణం వాళ్ళు వస్తే ఇంకోటి. వాళ్ళ పేరు వాళ్ళకు చెప్తే సంతోషంగా వెళ్ళిపోతారు. పిల్లలకు మొదట నేర్పేది ఇదే. ముందు టోపీ చూడాలి, తర్వాత పేరు చెప్పాలి."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ ఆఫీసర్‌కి టోపీ లేదు. ఏం చెప్పాలో తెలియలేదు."

"మీలో మీరు ఏమంటారు?"

"ఊరు అంటాం. దగ్గర్లో ఇంకో ఊరు లేదు కదా."

అబద్ధాలకోరు అయితే ఇక్కడ నాకు మూడో పేరు ఒకటి చెప్పి ఉండేవాడని ఇంటికి వెళ్తూ అనుకున్నాను. నాకంటే అనుమానం ఎక్కువ ఉన్న మనిషిని మొదటిసారి చూశాను. అయినా పూర్తిగా నమ్మలేదు. అతను చెప్పినదానికంటే ఫోటోల్లో ఇళ్ళు ఎక్కువ కనిపించాయి. తర్వాత కట్టుకున్నారో, అతను తప్పు చెప్పాడో నాకు ఈరోజుకీ తెలియదు.

గీత సంగతి మాత్రం చూడగానే తెలిసిపోయింది. ఆ మ్యాప్ మా కంపెనీ డేటాతో చేసిందే, ఇప్పుడు అందులో ఉన్నది ఉత్తరం సర్వేయరు గీత ఒక్కటే. దక్షిణం సర్వేయరు గీత మాయమైపోయింది, లోయ మొత్తం దక్షిణ దేశంలో కలిసిపోయింది. ఏ ఒప్పందమూ జరగలేదు, ఏ యుద్ధమూ జరగలేదు. దక్షిణపు కొండవరుస కాస్త ఎక్కువ వంకరలు తిరిగి ఉంటుంది. వంకరలు ఎక్కువైతే అంచు పొడుగవుతుంది. ప్రోగ్రామ్ కొలిచింది, కలిపేసింది. కొండ వంకరగా ఉన్నందుకు ఒక మనిషిని పట్టుకెళ్ళారు. అది అర్థమయ్యాక, కోర్టుకు ఇవ్వడానికి రేచల్ అడిగిన వాంగ్మూలం రాయడం మొదలుపెట్టాను.

రేచల్ కోరిక

నా వాంగ్మూలం ముసాయిదా చదివి రేచల్ ఇంటికే వచ్చేసింది.

"ఊరు దక్షిణంలో లేదని రాశారు. బాగుంది. ఉత్తరంలో ఉందని కూడా ఒక్క వాక్యం రాయండి."

"ఉత్తరంలో ఉందని నేను అనడం లేదు."

"దక్షిణంలో లేకపోతే ఉత్తరమే కదా?"

"కాదు. రెండూ దాన్ని బయటే వదిలేశాయి."

"వసుధా, ఎవరిదీ కాని ఊరంటే జడ్జికి ఎలా అర్థమవుతుంది? ఇతన్ని నమ్మడం మానేస్తారు. ఇది ఒక మనిషి ప్రాణం."

ఆమె మాట నిజం కావడం వల్ల నాకు ఇంకా కోపం వచ్చింది. "ఆ సర్వేయర్లను పంపినవాళ్ళు కూడా ఏదో గొప్ప కారణమే చెప్పి ఉంటారు" అన్నాను. "నేను మూడో సర్వేయర్ని కాను." ఆమె కాఫీ ముట్టుకోకుండా లేచింది. ఆమె వెళ్ళాక మా వారు, "ఒక్క వాక్యమే కదా" అన్నారు. ఆయనతో ఆ పూటంతా మాట్లాడలేదు.

మర్నాడు నేనే నియాజ్‌కు ఫోన్ చేశాను. నా మాట వల్ల నువ్వు ఓడిపోవచ్చు, ఏం చెయ్యమంటావు అని అడిగాను. వెనకాల టైర్లలో గాలి కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"చూసింది చెప్పండి మేడమ్" అన్నాడు. "టోపీ చూసి చెప్పడం నేను చేశాను కదా. ఏమైందో చూశారు."

విచారణ

విచారణ వీడియోలో జరిగింది. మా డైనింగ్ టేబుల్ దగ్గర పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను, ఎందుకో ఆ రోజు అలా అనిపించింది. రెండు కొండవరుసల సంగతీ, చీలికల సంగతీ వీలైనంత తేలిగ్గా చెప్పాను. ప్రభుత్వ లాయరు మర్యాదస్తుడు. తన పని తను చేశాడు.

"అయితే ఈ ఊరు ఏ దేశంలో ఉంది, మేడమ్?"

"ఈ గీతను బట్టి చెప్పలేం. ఊరిని అటు కలిపింది మనిషి కాదు. ఖాళీ పూడ్చడానికి ఒక ప్రోగ్రామ్ కలిపింది."

"సూటిగా చెప్పండి. ఉత్తరమా, దక్షిణమా?"

"గీసిన ఇద్దరూ దీన్ని చూడలేదు. చూడనిదాన్ని తమది అనలేదు."

"అయితే ఇతను నిజం చెప్తున్నాడంటారా?"

స్క్రీన్ మీద చిన్న గడిలో నియాజ్ తల వంచుకుని ఉన్నాడు. రేచల్ నన్నే చూస్తోంది. అవునని ఒక్క మాట అనాలని నాకు ఎంతగా అనిపించిందో చెప్పలేను.

"నాకు తెలియదు" అన్నాను. "ఈ మ్యాప్‌కు కూడా తెలియదు. నేను చెప్పగలిగింది అంతే."

రేచల్ కళ్ళు మూసుకుంది. కేసు పోగొట్టానని నాకూ అనిపించింది.

తీర్పు వచ్చింది, నియాజ్ కేసు గెలిచాడు. అబద్ధం చెప్పాడనడానికి ప్రభుత్వం చూపించిన పెద్ద ఆధారం మ్యాపే, అది నిలబడనప్పుడు అతని మాట నమ్మకపోవడానికి తనకు కారణం కనబడటం లేదని జడ్జి అన్నారు. రేచల్ ఫోన్ చేసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇక్కడితో ఆపేస్తే చక్కటి కథ. చక్కటి కథల మీద నా అభిప్రాయం ఇందాకే చెప్పాను.

మూలం అన్న చోట

తర్వాత కొన్ని నెలలకు ఒక శనివారం నియాజ్ మా ఇంటికి వచ్చాడు. డ్రైవ్‌వేలో మా కారు చుట్టూ తిరిగి, "ఈ టైర్లు మార్చాలి" అన్నాడు. టైర్ల షాపువాళ్ళు ఎవరి కారుకైనా అదే చెప్తారని నేను పట్టించుకోలేదు. లోపల కూర్చున్నాక ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. మ్యాప్‌లో వాళ్ళ లోయ ఉత్తర దేశం రంగులోకి మారిపోయింది.

"అక్క ఫోన్ చేసింది" అన్నాడు. "ఆ కెప్టెనే మళ్ళీ వచ్చాడట. ఈసారి నవ్వుతూ మాట్లాడాడట. ఇప్పుడు మీరు మావాళ్ళే అన్నాడట. ఊట దగ్గర సైనికుల పోస్టు కట్టడానికి కొలతలు తీసుకున్నారట. మీ చిన్న తమ్ముడు ఎక్కడున్నాడు, మా మీద ఎక్కడేం చెప్పాడు అని అడిగారట."

కంపెనీలో నా దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు ఆ విభాగం చూస్తున్న వరంగల్ అమ్మాయి సాహితికి ఫోన్ చేశాను.

"ఆగండి ఆంటీ, చూస్త" అంది. కాసేపు కీబోర్డ్ చప్పుడు. "అవును, పోయిన రిలీజ్‌ల మారింది."

"ఎవరు చెప్తే మార్చారు? మూలం ఏం రాశారు?"

"మీ పేరే ఉన్నది ఆంటీ."

"నా పేరా?"

"మ్యాప్ తప్పున్నదని ఎవరో ఎర్రర్ రిపోర్ట్ కొట్టిన్రు. మీ కోర్టు స్టేట్‌మెంట్ అటాచ్ చేసిన్రు. ఊరు సౌత్‌ల లేదని మీరు రాసిన్రు కదా. సౌత్‌ల లేకుంటే నార్త్‌ల పెట్టాలె, సిస్టమ్‌కి ఏదో ఒక కంట్రీ కావాలె. వసుధ గారు చెప్పినంక ఇంకేం చెక్ చేస్తరు అని మా పిల్లలు ఓకే చేసేసిన్రు."

రిపోర్ట్ కొట్టింది రేచల్. నియాజ్ పేరు కొట్టేసి, నా కాగితం జతచేసి పంపిందట. తర్వాత అడిగితే, "తప్పు మ్యాప్ ఇంకెవరికీ హాని చేయకూడదనుకున్నాను" అంది. ఆమె మంచితనాన్ని నేను శంకించడం లేదు. అదే నన్ను భయపెట్టింది.

ఎవరు, ఎక్కడ నిలబడి గీశారు అని జీవితమంతా అడిగాను. ఈసారి జవాబు నేనే. క్యారీలో డైనింగ్ టేబుల్ దగ్గర, పట్టుచీర కట్టుకుని.

నియాజ్ ముందే సాహితితో గట్టిగా అన్నాను. "నా పేరు తీసెయ్. ఆ పాత గీతలు రెండూ మళ్ళీ పెట్టు. మధ్యలో ఏ రంగూ వెయ్యకు."

"ఖాళీ పెడితే సిస్టమ్ ఒప్పుకోదు ఆంటీ. ప్రతి రిలీజ్‌కి ఎర్ర ఫ్లాగ్ వస్తది. ఎవరో ఒకరు చేత్తో ఓవర్‌రైడ్ చేయాలె."

"చెయ్యి."

"నేను ఉన్నన్ని రోజులు చేస్త. నేను వేరే జాబ్‌కి వెళ్ళినంక?"



ఆ తర్వాత బయటికి వెళ్ళిన రిలీజ్‌లో లోయ మళ్ళీ ఖాళీ అయింది. కెప్టెన్ మళ్ళీ వచ్చాడని నియాజ్ వాళ్ళ అక్క చెప్పింది. ఊట దగ్గర నిలబడి ఫోన్ చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడట. పైవాళ్ళతో మాట్లాడాడట. టీ తాగి, వెన్న పట్టుకుని వెళ్ళిపోయాడట. ఊరి పేరు అడిగితే ఆమె టోపీ చూసే చెప్పిందట. ఇది ఎంతకాలం ఉంటుందో నేను చెప్పలేను. ఎల్లకాలం ఉంటుందని మాత్రం నమ్మను.

నా కారు టైర్లు నిజంగానే అరిగిపోయాయి, నియాజ్ షాపులోనే మార్పించాను.

మీలో కొందరు ఆ కంపెనీలోనో, అలాంటి ఇంకోదానిలోనో చేరతారు. మొదటి వారం మీకు ఎర్ర గుర్తుల పనే ఇస్తారు, అది కొత్తవాళ్ళ పని. గబగబా కొట్టేస్తే మీ మేనేజర్ మెచ్చుకుంటాడు. పామీర్ కొండల దగ్గర రెండు గీతల మధ్య, పొడుగ్గా, సన్నగా, ఏ దేశమూ లేని ఒక ముక్క మీద గుర్తు వెలుగుతూ కనిపిస్తుంది. చూడటానికి అచ్చం తప్పులాగే ఉంటుంది. దాన్ని సరిచేయకండి. అక్కడ ఒకామె యాక్‌లు మేపుకుంటోంది.